ముప్పై ఏడున్నర డిగ్రీలు

జనవరి 18

ఈ డైరీ ఇవాళ కూడా తెరవకుండా పడుకునేవాడినే. కోళ్ళ దాణా కంపెనీ వాళ్ళు ఏటా ఒకటి ఉచితంగా పంపుతారు, నా భార్య అనసూయమ్మ ఏటా దాన్ని ఊగే బల్ల కోడు కింద పెడుతుంది. డెబ్బై రెండేళ్ళ మనిషికి రోజూ రాసుకునేంత బతుకు ఎక్కడిది? పొద్దున లేచాను, ఇంకా ఉన్నాను. దీనికి ఒక పేజీ దండగ. కానీ కోడిగుడ్లు పొదిగించే హేచరీలో ముప్పై నాలుగేళ్ళు గంటకోసారి వేడెంత, తేమెంత అని రాసిన చెయ్యి ఇది. పెట్టెలో ప్రాణం ఉందంటే పక్కన పుస్తకం ఉండాలి దానికి.

పెట్టె వచ్చింది. అందుకని బల్ల కింద నుంచి డైరీ లాగాను. బల్ల ఊగుతోంది.

పెట్టె అంటే నిజానికి టేకు దిమ్మ. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. మా ఊరి వడ్రంగి వలి సాహెబ్ దాన్ని ఉలితో తొలిచి గదులు, దారులు చేసి పైన అద్దం బిగించాడు. లోపల గండుచీమలు. ఆరేళ్ళ కిందట కర్నూలులో ఎవరిదో పాత ఇల్లు కూల్చిన దూలం కోయబోతే అందులో రాణి దొరికిందట. రంపం ఆపాడు. నలభై ఏళ్ళుగా ఓర్వకల్లు చుట్టుపక్కల సగం ఇళ్ళకు తలుపులు చేసిన మనిషి, ఎన్ని చీమల ఇళ్ళు కోశాడో లెక్కలేదు. "మా పనోళ్ళప్పా ఇవి. చెక్క తినవు, తొలుస్తాయి అంతే. ఒక్క ఇల్లన్నా కట్టియ్యల్ల గదా" అన్నాడు అప్పట్లో. నవ్వాను.

పొద్దున షాహనా వచ్చింది, సాహెబ్ కూతురు. కూర్చోలేదు. "చిన్నాయనా, మా నాయన ఆసుపత్రికి రానంటాండాడు. ఊపిరి ఆడక రెండు దినాలాయె. చీమల్ని ఎవరు సూస్తారంటాడు. ఎవరన్నా వింటే నవ్వుతారు. మీరు పెట్టుకుంటానంటే వస్తాడంట" అంది.

వెళ్ళాను. అప్పటికే వాకిట్లో ఆటో ఉంది. రంపపు పొట్టు పీల్చి పీల్చి అతని ఊపిరితిత్తులు చెక్కలయ్యాయని డాక్టరు చెప్పాడట, ఇంచుమించు ఆ మాటే. సాహెబ్ పెట్టె నా చేతుల్లో పెట్టాడు.

"నేనొచ్చేదాకా రాణి బతికుండల్ల కేశవా."

"లక్షల గుడ్లు పొదిగినోణ్ణి సాహెబూ. ఒక చీమను సాకలేనా?"

"గుడ్డు వేరే, చీమ వేరే. వేడి సంగతి మాత్రం..." అన్నాడు. దగ్గు అందుకుంది. దగ్గుతూనే ఆటో ఎక్కించారు. చెయ్యి ఊపాడు, బాగా చూసుకో అనో, ఆగు అనో.

జనవరి 19

రాణి ఒకటి. పనిచీమలు అరవైకి అటూ ఇటూ. గుడ్లు ముప్పై రెండు. తెల్లగా, బియ్యపు గింజ కన్నా పెద్దవి. చీమ సైజుకు ఇంత గుడ్డు ఎలా పెట్టిందో, కోడి సిగ్గుపడాలి.

ఉదయం గదిలో పంతొమ్మిది డిగ్రీలు. ఒక్కటీ కదలడం లేదు. రాణి మూలకు ముడుచుకుని ఉంది. చక్కెర నీళ్ళలో దూది ముంచి పెట్టాను. ఎవరూ రాలేదు.

సాహెబ్‌కు ఫోన్ చేసి అడగవచ్చు, వేడి సంగతి ఏమిటని. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషిని మాట్లాడించడం ధర్మం కాదు.

జనవరి 20

అసలు సంగతి రాస్తాను, ఎవరూ చదవరు కనుక. ధర్మం కాదు, పౌరుషం. వేడి గురించి నేను ఒకరిని అడగడమా?

ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి. హేచరీలో చేరిన కొత్తలో పొదిగే మిషన్‌తోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. చదివేవాడు లేడు. కర్నూలు పాత పుస్తకాల అంగట్లో నిఘంటువు కొని, పదానికి పదం వెతుక్కుంటూ ఎనిమిది నెలల్లో చదివాను. తొంభై తొమ్మిదిన్నర ఫారన్‌హీట్. మన లెక్కలో ముప్పై ఏడున్నర. ఏ మూల చూసినా అంతే ఉండాలి, పావు డిగ్రీ తేడా వస్తే పిల్ల కుంటిది అవుతుంది. నేను ఇంగ్లీషులో మొదట నేర్చుకున్న మాట గుడ్ మార్నింగ్ కాదు, సమానంగా అనే మాట. థర్మామీటర్ పగిలిన రోజు గుడ్డును మూసిన కనురెప్పకు ఆనించి చెప్పేవాణ్ణి, ఎంతుందో. అరడిగ్రీ అటూ ఇటూ కాకుండా. ఒకసారి రోజంతా కరెంటు పోతే పదివేల గుడ్లను కంబళ్ళు, కిరోసిన్ దీపాలతో కాపాడాను. మేనేజరు వచ్చి నా చెయ్యి పట్టుకుని...

అనసూయమ్మ భుజం మీదుగా తొంగి చూసి, "ఆ పదివేల గుడ్లు డైరీలో గూడా పొదుగుతాండావా?" అని వెళ్ళిపోయింది.

రిటైరైన రోజు శాలువా కప్పారు. నేను అడిగి థర్మామీటర్ తెచ్చుకున్నాను. ఇవాళ దాన్ని తీశాను.

జనవరి 21

అట్టపెట్టెలో దిమ్మ పెట్టి, ఒక కొసన అరవై క్యాండిల్ బల్బు వేలాడదీశాను. మధ్యాహ్నానికి ముప్పై ఏడున్నర. ఏం చురుకు! నిన్నటిదాకా చచ్చినట్టున్నవి పరుగులు పెడుతున్నాయి. అనసూయమ్మను పిలిచి చూపించాను.

షాహనా ఫోన్ చేసింది. సాహెబ్ అడగమన్నాడట. "పెళ్ళివారిల్లులా ఉందని చెప్పు" అన్నాను. వెనకాల సాహెబ్ నవ్వు వినిపించింది, దాని వెనక దగ్గు.

జనవరి 22

పొద్దున్నుంచి చీమలు గుడ్లను నోట కరుచుకుని బల్బు లేని కొసకు మోసుకుపోతున్నాయి. ముప్పై రెండూ. రాణి కూడా అటే వెళ్ళింది.

హేచరీలో గుడ్లను గంటకోసారి తిప్పేవాళ్ళం. వీటికి ఆ బుద్ధి పుట్టుకతోనే ఉంది, ఎవరూ నేర్పనక్కర్లేదు. అనసూయమ్మ మాత్రం కాసేపు నిలబడి చూసి, "సెగకు తాళలేక పోతాండాయేమో గదయ్యా" అంది.

"నీకు తెలీదులే."

"నాకేం తెల్సు. ఎండలో పిల్లనెత్తుకుని నీడకురికిన దాన్ని, అంతే."

అటు కొసన థర్మామీటర్ పెట్టి చూశాను. ఇరవై ఎనిమిది. తొమ్మిదిన్నర డిగ్రీల తేడా! హేచరీలో ఇంత తేడా వస్తే నా జీతం కోసేవారు. గుడ్లన్నీ చలి కొసన పడి ఉన్నాయి పాపం.

జనవరి 23

రెండో బల్బు అటు కొసన బిగించాను. వేడి పోకుండా అట్టపెట్టె సందులకు కాగితం అంటించాను. సాయంత్రానికి సర్దుకుంది. మూడు చోట్ల చూశాను, మూడు చోట్లా ముప్పై ఏడున్నర. పావు డిగ్రీ తేడా లేదు.

పదేళ్ళ తర్వాత కూడా చెయ్యి మర్చిపోలేదు.

జనవరి 24

ముప్పై ఏడున్నర. చీమలు గుడ్లను నోట పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతున్నాయి. కింద పెట్టడం లేదు. బాధ్యత గల జాతి.

జనవరి 25

ముప్పై ఏడున్నర. పదకొండు పనిచీమలు పోయాయి. వయసైనవై ఉంటాయి.

జనవరి 26

ముప్పై ఏడున్నర.

జనవరి 27

ఇవాళ కర్నూలు వెళ్ళాను. బస్సులో సీటు దొరికింది. ఇది ఎందుకు రాస్తున్నానో తెలుసు. వెంటనే రాయవలసినది వేరే ఉంది.

వార్డులో సాహెబ్ కిటికీ పక్కన ఉన్నాడు. ముక్కుకు గొట్టం. మనిషి సగమయ్యాడు, మీసం మాత్రం అంతే ఉంది. నన్ను చూడగానే గొట్టం పక్కకు జరిపాడు. నర్సు కసిరింది. "ఉండమ్మా, మా బిడ్డల కబురు తెచ్చినాడు" అన్నాడు.

ఎలా ఉన్నాయని అడిగాడు. గుడ్లు ముప్పై రెండూ ఉన్నాయన్నాను.

"గుడ్లు గాదప్పా అవి. గుడ్లు కంటికి ఆనవు. అవి గూళ్ళు. లోపల పిల్ల పడుకోనుంటాది, పట్టుపురుగు మాదిరి. ఊపిరి తీసుకుంటాంటాది." రెండు శ్వాసలు ఆగాడు. "వేడి సంగతి ఆ దినం చెప్పల్యా నీకు. ఒక కొస వెచ్చంగ పెట్టు. ఎచ్చంటే ముప్పైకి మించద్దు. ఇంగో కొస సల్లంగ. యాడ ఉండాల్నో అవే సూసుకుంటాయి. ఎంచేది మనం గాదు కేశవా. మనం రెండు కొసలూ ఇయ్యల్ల, అంతే."

"అట్లనే పెట్టినా" అన్నాను.

"నాకు దెల్సు. నువ్వు వేడి పనోడివి. అందుకే గదా నీకిచ్చింది" అన్నాడు. గొట్టం మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని వేలు చూపించాడు, ఒకటి. రాణి అని. బాగుందని తల ఊపాను. కళ్ళు మూసుకున్న మనిషికి తల ఊపితే ఏం కనిపిస్తుంది? "బాగుంది" అన్నాను.

బస్టాండు దాకా నడిచానో పరుగెత్తానో. నంద్యాల రోడ్డు మీద ప్రతి స్టాపులోనూ ఆపాడు ఆ డ్రైవరు. చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆపాడు.

ఇంటికి వచ్చి బల్బులు పీకాను. అనసూయమ్మ వచ్చి అట్టపెట్టె సందుల్లోని కాగితాలు చింపింది.

జనవరి 28

గూళ్ళు ముప్పై రెండూ ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. ఒకటి సూదితో చీల్చి చూశాను. లోపల నిజంగానే పిల్ల ఉంది. కాళ్ళు కడుపుకు ముడుచుకుని, కళ్ళ చుక్కలతో సహా. పొదుగుడు చెడిన గుడ్లను ముప్పై నాలుగేళ్ళు బకెట్లతో గుంటలో పోయించాను. ఏ రోజూ ఒకటి పగలగొట్టి చూడలేదు.

రాణి పక్కకు ఒరిగింది. ఒక కాలు కదులుతోంది. పనిచీమలు చుట్టూ చేరి నాకుతున్నాయి. తడి గుడ్డ ఒక కొసన వేశాను. ఇరవై ఐదు. మరో కొస ఇరవై తొమ్మిది.

జనవరి 29

కాలు కదులుతోంది.

జనవరి 30

లేదు.

ఫిబ్రవరి 3

షాహనా ఫోన్. ఫోన్ సాహెబ్‌కు ఇచ్చింది. "రాణి ఎట్లుండాది?" అన్నాడు. "దొర్సానిలా ఉంది" అన్నాను. ఆ మాట అనేటప్పుడు దగ్గు వచ్చినా బాగుండేది, నాకు.

రాణిని అగ్గిపెట్టెలో దూది వేసి పెట్టాను. ఎందుకో అడగకూడదు, నేను కూడా.

ఫిబ్రవరి 9

ఇంకో రాణిని పట్టుకోలేమా అని మూడు రోజులుగా ఆలోచన. ఊరి బయట రాళ్ళ గుట్టల్లో గండుచీమల పుట్టలున్నాయి. కానీ రాణులు రెక్కలతో బయటికి వచ్చేది వానలు పడ్డాకే, అది సాహెబే చెప్పాడు ఎప్పుడో. ఇది మాఘమాసం. మన సీమలో వానను జూన్‌లో నమ్మడమే కష్టం.

అయినా గడ్డపార తీసుకుని వెళ్ళాను. గంటసేపు తవ్వాను. గొర్రెలు తోలుకుపోతున్న పెద్ద ఈరన్న ఆగి చూశాడు.

"ఏం దొరికిందప్పా కేశవయ్యా, లంకెబిందెలా?"

"చీమ కోసం తవ్వుతున్నా."

కాసేపు ఆలోచించాడు. "మా తట్టు శానా ఉండాయి, ఊరికేనే తీస్కపో. తవ్వే పని గూడా లేదు, పంచె కిందికే వస్తాయి" అన్నాడు.

ఎన్నో రోజుల తర్వాత నవ్వాను. ఇంటికి వచ్చాక చేతికి బొబ్బలు.

ఫిబ్రవరి 20

పనిచీమలు ఇరవై ఆరు. రాణి లేకపోతే కొత్తవి పుట్టవు. ఆ సంగతి వీటికి చెప్పినవారు లేరు. ఖాళీ గది రోజూ శుభ్రం చేస్తున్నాయి.

మార్చి 11

మధ్యాహ్నం గదిలో ముప్పై తొమ్మిది. ఇప్పుడు బల్బు అవసరం లేదు, సూర్యుడే ముప్పై ఏడున్నర దాటించాడు. దిమ్మకు ఒక కొసన తడి గోనెసంచి చుట్టాను, దిమ్మ మొత్తం కింద తడి ఇసుక తట్ట. గంటకోసారి నీళ్ళు. తడి కొస ఇరవై ఆరు, పొడి కొస ముప్పై. చీమలు పొద్దున పొడి కొసన, మధ్యాహ్నం తడి కొసన. సరిగ్గా సాహెబ్ చెప్పినట్టే. నేను తీసుకున్న ఉష్ణోగ్రతల్లో ఇంత చక్కగా కుదిరినవి హేచరీలో కూడా లేవు.



మార్చి 26

అనసూయమ్మ అంది, "చెప్పెయ్యరాదా. ఆయప్ప ఏమనుకుంటాడు, మనిషి తప్పు చెయ్యడా?"

"రాణి కోసం మందు మింగుతున్నాడట. షాహనా చెప్పింది. నర్సు సూది తెస్తే, ఇంటికాడ నా బిడ్డలుండాయి, పొడువు అంటాడట."

అనసూయమ్మ చేట అందుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 6

సాహెబ్‌ను ఇంటికి తెచ్చారు. నయమయి కాదు. చేసేదేమీ లేదు, ఇంట్లో ఉంచుకోండి అన్నారట. పొద్దునే కబురు వచ్చింది, పెట్టె తీసుకుని రమ్మని.

పనిచీమలు పద్నాలుగు.

దారిలో మాటలు కూర్చుకున్నాను. సాహెబూ, గుడ్డు అనుకున్నాను, నీ మాట వినకముందే రెండో బల్బు బిగించాను, చలి కొస లేకుండా చేసింది నేను. చిన్న మాటలే. మూడుసార్లు వల్లించుకున్నాను.

మంచం వాకిట్లో వేప కింద వేశారు. వెనక తలగడలు పెట్టి కూర్చోబెట్టారు. పెట్టెను తొడల మీద పెట్టాను. అద్దం మీద వేలు ఆనించి, గది గది చూసుకుంటూ వచ్చాడు. తన చేతి ఉలి గాట్లే అవి. రాణి గది దగ్గర వేలు ఆగింది. ఒక చీమ ఆ ఖాళీ గదిలో నేలను నాకుతోంది.

నేను నోరు తెరిచాను.

"లోపలికి పోయుంటాది" అన్నాడు సాహెబ్. "ఎండలు ముదిరితే రాణి బయటికి రాదప్పా. లోపల సల్లంగ ఉంటాది."

లోపల అంటూ ఏమీ లేదు. ఆ దిమ్మలో ప్రతి గదీ అద్దానికి ఆనుకునే ఉంది. వెనక నాలుగు వేళ్ళ మందం గట్టి టేకు. అది అతనికి తెలియకపోతే ఈ భూమి మీద ఇంకెవరికీ తెలియదు.

"ఔను, లోపలే ఉంది" అన్నాను.

"వేడి ఎంతలో పెట్టినావు?"

"ఒక కొస ముప్పై. ఒక కొస ఇరవై ఆరు."

"సరింగ పెట్టినావు." షాహనా టీ తెచ్చింది. ఆమె వైపు తిరిగి, "సూసినావా, నేను చెప్పల్యా, వీడు వేడి పనోడని" అన్నాడు. అతని చెయ్యి నా ముంజేతి మీద ఉంది. బరువు లేదు. టీ చల్లారింది. కొంతసేపటికి పెట్టెను నా వైపు తోసి, "నీ కాడనే ఉండనీ ఇంగ కొన్నాళ్ళు" అన్నాడు.

ఇంటికి వచ్చాక అనసూయమ్మ అడిగింది, చెప్పావా అని. చెప్పానన్నాను. ఏమన్నాడు అంది. ఏమీ అనలేదన్నాను. అది నిజమే కదా.

ఏప్రిల్ 8

వెళ్ళాను. నిద్రపోతున్నాడు.

ఏప్రిల్ 9

వెళ్ళాను. కాసేపు మెలకువ. ఓర్వకల్లు మొత్తంలో సరిగ్గా మూసుకునే తలుపు ఏదో చెప్పమన్నాడు. మా ఇంటిదే అన్నాను. "ఏదీ ల్యా. ఎండకు చెక్క లాగుతాది, వానకు ఉబ్బుతాది. నలభై ఏళ్ళు జనాలను మోసం చేసినా" అని నవ్వబోయాడు.

నా మోసం కూడా చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. ఎండ ఎక్కువగా ఉందని లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 13

వలి సాహెబ్ పొద్దున పోయాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత తీసుకుపోయారు. ఎండకు మట్టి కాలింది. మూడు పిడికిళ్ళు నేను కూడా వేశాను. షాహనా దగ్గర కాసేపు కూర్చున్నాను. ఏడుస్తూనే, "చీమలు బాగుండాయా చిన్నాయనా?" అంది. బాగున్నాయన్నాను. పెట్టె తెచ్చి ఇవ్వనా అన్నాను. వద్దంది, తనకు వాటిని చూస్తే నాయన దగ్గు వినిపిస్తుందంది.

బయట నలభై మూడు. తడి కొస ఇరవై ఏడు.

ఏప్రిల్ 17

పనిచీమలు తొమ్మిది.

ఏప్రిల్ 22

ఏడు. మధ్యాహ్నం ఒకటి అద్దం సందులోంచి బయటికి వచ్చి గోడ ఎక్కుతూ కనిపించింది. యాడ ఉండాల్నో అవే సూసుకుంటాయన్నాడు సాహెబ్. అయినా అగ్గిపుల్ల మీదికి ఎక్కించుకుని మళ్ళీ లోపల వేశాను.